పాత తేలిక చైన్‌సాలను గుర్తుపట్టడం - 3వ పాఠం: పేరు ఒకరిది, తయారీ ఇంకొకరిది

కిందటి పాఠంలో రంపాన్ని శుభ్రం చేసి, భాగాల పేర్లు తెలుసుకున్నాం. ఈసారి అసలు ప్రశ్న: దీన్ని చేసిందెవరు? పని మొదలుపెట్టే ముందు ట్యాంకులో పెట్రోలు తీసేయండి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయండి, చేతికి గ్లవ్స్ వేసుకోండి.

1963లో హోమ్‌లైట్ కంపెనీ ఎక్స్‌ఎల్-12 రంపం వచ్చింది. బార్ (చైన్ తిరిగే పొడవాటి పలక), చైన్ లేకుండా 12 పౌండ్లు, అంటే దాదాపు 5.4 కిలోలు. మామూలు ఇళ్లవాళ్లు కూడా ఎత్తగలిగే రంపాలు వచ్చాక, అమెరికాలో దుకాణ సంస్థలు వేరేవాళ్ల చేత చేయించి తమ పేరు వేసి అమ్మాయి. సియర్స్ వారి క్రాఫ్ట్స్‌మన్ అలాంటిదే. ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ పేరుతో వచ్చిన వాటిలో చాలావరకు ఎకో కంపెనీ చేసినవి. అందుకే రంగునూ స్టిక్కర్‌నూ చూసి ఏ నిర్ణయానికీ రావద్దు.

క్రాఫ్ట్స్‌మన్ అయితే మీ అదృష్టం. నూనె మడ్డి తుడిచి మోడల్ నంబరున్న పలక వెతకండి. నంబరులో చుక్కకు ముందు మూడు అంకెలుంటాయి. తయారీదారు ఎవరో చెప్పేది అవే. 358 ఉంటే పౌలాన్, 917 ఉంటే రోపర్. ఉదాహరణకు, కాస్త పెద్ద రంపమే అయినా, క్రాఫ్ట్స్‌మన్ 3.7 నిజానికి పౌలాన్ 3700. ఆ 3.7 ఇంజిన్ పరిమాణం, క్యూబిక్ అంగుళాల్లో. 16.39తో గుణిస్తే సుమారు 60.6 సీసీ వస్తుంది. ఇది తెలిస్తే విడిభాగాల వేట సగం అయిపోయినట్టే.

పలక ఊడిపోయి ఉంటే? కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బార్ మీద ఒరెగాన్ అని కనిపిస్తే రంపం ఒరెగాన్ అనుకుంటారు. అది బార్, చైన్ తయారుచేసే కంపెనీ. కార్బొరేటర్ మీద వాల్‌బ్రో, టిలట్‌సన్ అని ఉంటే అవి కార్బొరేటర్ చేసినవాళ్ల పేర్లు. ఒకే కార్బొరేటర్ ఎన్నో కంపెనీల రంపాల్లో ఉంటుంది. పైగా బార్, చైన్ ఎన్నిసార్లు మార్చారో ఎవరికి తెలుసు? వాటిని సాక్ష్యంగా తీసుకోకండి.

నేను నమ్మేది క్రాంక్‌కేస్ పోతనే, అంటే ఇంజిన్ క్రాంక్‌ను మూసి ఉంచే, అచ్చులో పోసి చేసిన లోహపు పెట్టెనే. పై మూతలూ స్టార్టర్ కవరూ బ్రాండును బట్టి మార్చేవాళ్లు. పోత అచ్చు చేయించడం బాగా ఖర్చుతో కూడిన పని కాబట్టి దాని జోలికి అంతగా వెళ్లరు. క్లచ్ కవర్ (బార్ మొదట్లో పక్కన ఉండే మూత) విప్పి బార్ బిగించే బోల్టులు ఒకటా రెండా చూడండి. రెండైతే వాటి మధ్య దూరం కొలవండి. ఆయిల్ మూత ఎటువైపు ఉంది, ముందు హ్యాండిల్ ఎన్ని స్క్రూలతో ఎక్కడ బిగిసింది, ఇవన్నీ రాసుకుని, తెలిసిన మోడల్ ఫొటో పక్కన పెట్టి పోల్చండి. ప్లాస్టిక్ భాగాల లోపలివైపు కూడా చూడటం మరవద్దు. అక్కడ 530తో మొదలయ్యే పార్ట్ నంబరుంటే అది పౌలాన్ భాగమని గట్టిగా అనుమానించవచ్చు.

ఒక జాగ్రత్త. ఏ లోహమో చూద్దామని పోతను గ్రైండ్ చేయకండి. చాలా తేలిక రంపాల పోత మెగ్నీషియంది. దాని పొడికి నిప్పు అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, ఇంకా రాజుకుంటుంది.

ఈ పాఠానికి అభ్యాసం: మీ రంపం క్లచ్ వైపు, స్టార్టర్ వైపు, అడుగున ఒక్కో ఫొటో తీసి, బోల్టుల కొలత మిల్లీమీటర్లలో రాసి ఉంచండి. 4వ పాఠంలో సిలిండర్ విప్పి బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కొలిచి సీసీ లెక్కకడదాం.