కొత్త కారు మీద సాలెగూడు గీతలు: ఎందుకు పడ్డాయి, ఎలా తీయాలి

నీడలో ఉంటే కారు అద్దంలా ఉంటుంది, ఎండలోకి తీసేసరికి బానెట్ మీద సూర్యుడు మెరిసే చోట చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్న గీతలు. కొని నెల కూడా కాలేదు ఇదేంటి అని గుండె కలుక్కుమంటుంది, వెంటనే పెయింట్ నాసిరకం అనుకుంటాం. పెయింట్ తప్పు కాదండీ, దాన్ని తుడిచిన పద్ధతి తప్పు.

ఈ స్వర్ల్ మార్క్స్ నిజానికి గుండ్రంగా ఉండవు, అన్ని వైపులా అడ్డదిడ్డంగా పడిన గీతలే, కాకపోతే వెలుగుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి మన కంటికి చక్రంలా కనిపిస్తాయి. ఇవి పడేది రంగు మీద కాదు, దాని పైన రంగు లేకుండా పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ అనే పొర మీద. ఆ పొర మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పల్చన, పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచి కొంచెం పోతుంది, మళ్ళీ పెరగదు. అందుకే ఎంత తక్కువ అరగదీస్తే అంత మంచిది.

కారణం. దుమ్ము ఉండగానే పొడి గుడ్డతో తుడవడం. డెలివరీకి ముందు హడావుడిగా తుడిచినప్పుడే కొన్ని గీతలు పడిపోతాయి, మిగతావి మనం రోజూ పొద్దున్నే ప్రేమగా తుడిచేటప్పుడు పడతాయి. బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ వాష్, కింద పడిన గుడ్డని దులిపి మళ్ళీ వాడటం, ఒకే బకెట్ నీళ్ళతో కారంతా కడగడం, ఇవీ అంతే.

ముందు చూసుకోవాల్సింది. ఫోన్ టార్చ్ వేసి చూడండి. గీత మీద గోరు అడ్డంగా లాగితే అందులో చిక్కుకుంటోందా? అయితే అది లోతైన గీత, దాన్ని పూర్తిగా తీయాలని చూస్తే క్లియర్ కోట్ అయిపోతుంది, వదిలేయండి. గోరుకి తగలకపోతే మామూలుగా పాలిష్‌తో పోతుంది. మ్యాట్ ఫినిష్ కారైతే మాత్రం అసలు పాలిష్ పెట్టొద్దు, మచ్చలా మెరుస్తూ ఉండిపోతుంది.

తీసే పద్ధతి. షాంపూతో కడిగి, చేత్తో నిమిరితే గరుగ్గా తగిలే చోట క్లే బార్‌కి (అతుక్కున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద) జారుడు కోసం లూబ్రికెంట్ వాడి మెల్లగా రుద్ది, ఆరబెట్టి, ప్లాస్టిక్ ట్రిమ్‌కి, ప్యానెల్ అంచులకి మాస్కింగ్ టేప్ వేయండి (అంచుల దగ్గర పెయింట్ పల్చగా ఉంటుంది, అక్కడే ముందు పోతుంది). నీడలో, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. మొదటిసారి చేసేవాళ్ళకి డీఏ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్) మంచిది, ఒకేచోట గిర్రున తిరిగే రోటరీ జోలికి పోకండి. మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్ (తక్కువ అరగదీసే రకం), బఠాణీ గింజంత నాలుగు చుక్కలు, అంతే. రెండడుగుల చదరం తీసుకుని, మెషిన్ బరువుకి తోడు కొంచెం మాత్రమే నొక్కుతూ, సెకనుకి అంగుళం లెక్కన నిదానంగా, ముందు వెళ్ళిన దారి సగం కప్పేలా అడ్డంగా నిలువుగా నాలుగైదు సార్లు తిప్పి మైక్రోఫైబర్‌తో తుడిచి చూడండి. పోయాయా, అదే కాంబినేషన్‌తో కారంతా చేసేయండి. పోలేదంటే ముందు కాస్త గట్టి ప్యాడ్‌కి మార్చండి, అప్పటికీ పోకపోతేనే కాస్త ఘాటు పాలిష్. నేరుగా కాంపౌండ్ (బాగా అరగదీసే ఘాటు రకం) పట్టుకునేవాళ్ళని చూస్తే బాధేస్తుంది, సన్న గీతల కోసం అంత అరగదీయాల్సిన పనే లేదు.

చేస్తుంటే గీతలు పోవట్లేదు. చాలావరకు దీనికి కారణం ప్యాడ్ సరిగ్గా తిరగకపోవడమే. బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అంటించే చక్రం) మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి, గట్టిగా నొక్కితే ఆ మార్కర్ గీత తిరగడం ఆగిపోతుంది, అది కనిపిస్తే ఒత్తిడి తగ్గించాలి. ప్యాడ్‌లో పాత పాలిష్ పేరుకున్నా ఇదే గొడవ, ప్రతి చదరం అయ్యాక బ్రష్‌తో శుభ్రం చేయండి.

గీతలు పోయాయి గానీ మసకగా ఉంది. ప్యాడ్ గానీ పాలిష్ గానీ ఘాటెక్కువైంది. మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో ఒక రౌండ్ వేస్తే తేరుకుంటుంది. మనం కదిలితే కదిలే నీడల్లా పొడుగు చారలు కనిపిస్తే అవి హోలోగ్రామ్స్, రోటరీ వాడిన చోట వస్తాయి, వాటికీ ఇదే మందు.

నాలుగు వాష్‌ల తర్వాత గీతలు మళ్ళీ వచ్చాయి. ఇది ఎక్కువమందిని మోసం చేసేది. కొన్ని గ్లేజ్‌లు, వ్యాక్స్‌లు గీతల్ని తీయవు, నూనెతో పూడుస్తాయి, కడిగేకొద్దీ ఆ పూత పోయి కింద ఉన్నవి బయటపడతాయి. అందుకే పాలిష్ అయ్యాక పలచని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టార్చ్‌తో చూసి, అప్పుడే సీలెంట్ గానీ కోటింగ్ గానీ వేయండి. నిజంగా పోయి ఉండి మళ్ళీ వచ్చాయంటే మాత్రం మీ వాష్‌నే చూసుకోవాలి: ముందు నీళ్ళు కొట్టి దుమ్ము వదిలించి, షాంపూకి ఒక బకెట్, మిట్ (కడగడానికి చేతికి తొడుక్కునే మెత్తటి తొడుగు) జాడించడానికి ఒక బకెట్, పైనుంచి కిందకి, ఆరబెట్టేటప్పుడు రుద్దకుండా టవల్ పరిచి అద్దడం. పొడి దుమ్ముని గుడ్డతో ముట్టుకోవద్దు, తొందరలో ఉంటే దుమ్ముతోనే నడపండి, ఏం కాదు.