పక్కింటి కంచె గోడ దాటి వస్తోందా? ముందు దాని మొదలు ఎక్కడుందో చూడండి

విశాఖ సీతమ్మధారలో మా పక్కింటి గోరింట కంచె గురించి రెండేళ్లు గొణుక్కున్నాను. చివరికి ఒక ఆదివారం పొద్దున్న గంటన్నరలో తేలిపోయింది. అన్నాళ్లు ఎందుకు పట్టిందంటే కొమ్మల గొడవనీ హద్దు గొడవనీ నేనే కలిపేశాను. నేను "మీ కొమ్మలు" అన్నప్పుడల్లా ఆయనకి "మా స్థలం" అని వినపడేది, ఇక ఆ రోజుకి మాటల్లేవు. ఈ రెండూ వేరే జబ్బులు, మందులూ వేరే.

ఎంత కొట్టినా మళ్లీ మన వైపే వాలుతోంది

చాలాసార్లు కారణం ఇది: ఆయన తన వైపు ముచ్చటగా కత్తిరించుకుంటాడు, పైన కూడా కొడతాడు, మన వైపు ముఖం ఎలా ఉందో ఆయనకి కనపడదు. రెండు వైపులా ఆపేసిన మొక్క మూడో వైపుకి, అంటే మన వైపుకి తోసుకొస్తుంది. మన వైపు ఎండ ఎక్కువ పడితే ఇంక చెప్పక్కర్లేదు. హుద్‌హుద్‌ తుపాను వచ్చి (2014 అక్టోబరు 12) మా వీధిలో నీడంతా పోయాక అందరం తొందరగా పెరిగేవే నాటాం, నేనూ తక్కువేం కాదు, కాగితం పూల తీగ పెట్టాను.

పరిష్కారం: ఆయన్ని ఒక్కసారి మన ఇంట్లోకి పిలిచి మన వైపు నుంచి చూపించండి. నేను అన్న మాట ఇంతే: "మాస్టారూ, ఆదివారం మనిషిని పిలుస్తున్నాను, మీ వైపు కూడా కొట్టించేయమంటారా, కూలి చెరి సగం వేసుకుందాం." ఆయన కాఫీ కూడా ఇచ్చారు. ఒప్పుకోకపోతే గోడ దాటి మన గాల్లోకి వచ్చిన కొమ్మని మన వైపు నిలబడి, హద్దు వరకే కొట్టుకోవచ్చు, కానీ ముందు చెప్పి కొట్టండి. వాళ్ల స్థలంలో కాలు పెట్టకూడదు, హద్దు అవతల ఒక్క రెమ్మ కూడా తుంచకూడదు. మొదలంటా నరకడం ఇంకో కథ, చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

కొట్టే కాలం కూడా చూసుకోండి. మే ఎండల్లో గుండు కొట్టిస్తే లోపలి కొమ్మలు మాడిపోతాయి. తొలకరి పడ్డాక జూన్ ఆఖర్లో ఒకసారి, తుపాన్ల కాలానికి ముందు సెప్టెంబరులో ఇంకోసారి చాలు. ఒక్క దెబ్బకి మూడో వంతు కంటే ఎక్కువ తియ్యకండి. అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంచితే కింద కూడా వెలుతురు పడి మొదలు దగ్గర బోసిపోదు. కత్తెర పెట్టే ముందు కొమ్మలు విడదీసి లోపలికి చూడండి, మా గోరింటలో పిగిలిపిట్ట గూడు ఉంది, ఆ భాగం మూడు వారాలు వదిలేశాం.

ప్రహరీ గోడ బీటలు వారింది, వేళ్ల పనే అంటున్నారు

తొందరపడి ఆ మాట అనకండి. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాయండి. వానల్లోనే పెరుగుతోంటే చాలావరకు నీళ్ల పని. మన ఊళ్లో సగం ఇళ్లు కొండ వాలు మీదే కదా, పై ప్లాటు మట్టి తడిసి గోడని తోస్తుంది, అడుగున నీళ్లు పోవడానికి కన్నాలు లేకపోతే గోడ పొట్ట ఉబ్బుతుంది. అప్పుడు కంచె కొట్టినా లాభం లేదు, కన్నాలు పెట్టించాలి. వానలతో సంబంధం లేకుండా పెరుగుతోంటే మన వైపు అడుగు లోతు తవ్వి చూడండి. లావుపాటి వేరు కనిపిస్తే ఫోటో తీసి ఆయనకి చూపించండి, మీరే నరికేయకండి, చెట్టు గాలివానకి మీ మీదే పడొచ్చు. ఉప్పు, యాసిడ్ పొయ్యమనే సలహాదారులు ప్రతి వీధిలో ఒకరుంటారు. ఆ ఉప్పు మీ కరివేపాకునీ చంపుతుంది.

కరెంటు తీగలకి తగులుతోంది

దీనికి ఎవరితోనూ వాదన వద్దు, నిచ్చెన అసలే వద్దు. కరెంటు వాళ్ల ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి, సరఫరా ఆపి వాళ్లే కొడతారు.

పక్కది ఖాళీ ప్లాటు, ఓనరు ఊళ్లో లేడు

మధురవాడ వైపు ఇది రోజూ ఉండే గొడవే. వయ్యారిభామ, ముళ్ల తుప్పలు, వాటిలో పాములు. ఓనరు నంబరు దొరికితే తేదీ కనపడేలా ఫోటోలు వాట్సాప్‌లో పెట్టి, జవాబు రాకపోతే అదే విషయం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే ఆ కాగితాలతోనే వార్డు సచివాలయంలో ఫిర్యాదు ఇవ్వండి. కాగితం లేని ఫిర్యాదుకి కాళ్లుండవు.

కంచె అసలు మన స్థలంలోనే ఉందేమో

ఇప్పుడు వచ్చింది అసలు హద్దు గొడవ. కంచె మీద కోపంతో దీన్ని మొదలుపెట్టకండి, అలాగని ఏళ్ల తరబడి నానబెట్టకండి. స్థలం ఆయన ఆధీనంలోకి వెళ్లి 12 ఏళ్లు దాటితే తిరిగి రాబట్టుకోవడం కష్టం. దస్తావేజులో కొలతలు, లేఅవుట్ ప్లాను బయటికి తీయండి, ఇద్దరూ ఉన్నప్పుడే సర్వేయరు చేత కొలిపించి రాళ్లు వేయించండి. కంచె మొదలు సరిగ్గా హద్దు గీత మీదే ఉంటే కలిసి పెంచుకోవడమే సులువు. మాట కుదరకపోతే వకీలు కంటే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి (ఫోన్ 15100), కేసు పడకముందే రాజీకి కూర్చోబెడతారు.

చివరగా కొట్టిన కొమ్మలు. లెక్క ప్రకారం అవి ఆయనవే, పూలూ కాయలతో సహా. అలాగని గోడ మీంచి అటు విసిరారో, గంటన్నర మంచితనం గాల్లో కలిసిపోతుంది. ట్రాలీ ఆటో కూలి కూడా ముందే మాట్లాడుకోండి. గన్నేరు ఉంటే మాత్రం కాల్చకండి, ఆ పొగ మంచిది కాదు, పాలు అంటిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టిఫిన్.