ఇల్లు కొనే ముందు బయటి గోడ చూడండి: వైనిల్ సైడింగ్ జాగ్రత్తలు

అమెరికాలో ఇల్లు చూడ్డానికి వెళ్తే మన కళ్లు ముందు కిచెన్ మీదే పడతాయి. ఆఫర్ పెట్టే ముందు ఒక్క అరగంట ఇంటి చుట్టూ తిరగండి, అదీ ఎండ ఉన్నప్పుడు.

• వైనిల్ సైడింగ్ అంటే ఇంటి బయటి గోడకు తొడిగే ప్లాస్టిక్ పలకలు. ఒక పలకను చేత్తో పక్కకు జరిపి చూడండి. కాస్త కదలాలి. ఎండకు సాగి, చలికి ముడుచుకునే ప్లాస్టిక్ అది. మేకులు బిగించి కొట్టేస్తే వేసవిలో అలల్లా ఉబ్బుతుంది.

• బార్బెక్యూ గ్రిల్ పెట్టే చోటు, పక్కింటి కిటికీకి ఎదురుగా ఉన్న గోడ తప్పకుండా చూడండి. లో-ఈ అద్దం (వేడిని వెనక్కి తిప్పికొట్టే పూత ఉన్న కిటికీ అద్దం) మీద పడి తిరిగొచ్చే ఎండకే వైనిల్ మెత్తబడి వంకర్లు పోతుంది. నేను చూసిన ఒక ఇంటి పక్క గోడ, కరిగిన కొవ్వొత్తిలా జారి ఉంది. రంగు వేస్తే పోయేది కాదు, పలకలే మార్చాలి. పాతబడిన రంగుకు సరిపోయే పలక దొరకడం కష్టం.

• పాత ఇంటికి కొత్త వైనిల్ కనిపిస్తే కింద ఏముందో అడగండి. కుళ్లిన చెక్క ఉండొచ్చు. 1978కి ముందు కట్టిందైతే లెడ్ పెయింట్ (సీసం కలిసిన రంగు), ఆస్బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ నార) కూడా ఉండొచ్చు.

• వైనిల్‌కు బదులు ఫైబర్ సిమెంట్ (నార కలిపిన సిమెంటు పలకలు) ఉంటే, దానికి నిప్పు అంటుకోదు. నా ఓటు దానికే. కాకపోతే కొన్నేళ్లకోసారి పెయింట్ ఖర్చు ఉంటుంది.

• ఇటుక ఇల్లంటే నాలుగు వైపులా ఇటుకేనా? చాలాచోట్ల ముందు వైపే ఉంటుంది. కింది వరుసలో నీళ్లు పోయే సందులు మూసేసి ఉండకూడదు.

• స్టకో (బయటి గోడకు పూసే సిమెంటు గార) అయితే తేమ పరీక్ష విడిగా చేయించండి. మామూలు ఇన్‌స్పెక్షన్‌తో సరిపెట్టుకోవద్దు.