ఎండలు ముదిరేలోగా టర్బో కారుకు రీమ్యాప్ చేయిస్తున్నారా?

మేలో బెజవాడ ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్, అంటే అందులోని సెట్టింగుల మ్యాప్ మార్పు, చేయించాలనుకునేవాళ్లు బీహెచ్‌పీ (ఇంజిన్ పవర్) లెక్కల కన్నా ముందు ఈ వేడి సంగతి చూసుకోవాలి. ఇంజిన్‌లోకి పంపడానికి టర్బో నొక్కిన గాలి ఎలాగూ వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చడానికే ఇంటర్‌కూలర్. బయటి గాలే మండిపోతుంటే అది మాత్రం ఎంతని చల్లారుస్తుంది? బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మరీను. గాలి మరీ వేడిగా ఉంటే, స్పార్కు మంట అందేలోపే సిలిండర్‌లో మిగిలిన పెట్రోలు తనంతట తాను అంటుకుంటుంది. అదే నాకింగ్. దీనికోసమే కంపెనీ మ్యాప్‌లో కొంత వెసులుబాటు ఉంచుతారు. రీమ్యాప్ చేసే ట్యూనర్ ఇచ్చే పవర్‌లో చాలావరకు ఆ వెసులుబాటు లోంచి తీసిందే.

అందుకే జనవరిలో తీసిన డైనో షీటు (రోలర్ల మీద కారు పవర్ కొలిచిన కాగితం) చూసి మురిసిపోకండి. మధ్యాహ్నం రెండింటికి గుంటూరు హైవే మీద లాగ్ (కారు నడుస్తుండగా ఇంజిన్ రీడింగుల రికార్డు) తీయమనండి. ఇన్‌టేక్ గాలి (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి) ఉష్ణోగ్రత, బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి), నాకింగ్ ఆపడానికి ఏ సిలిండర్‌లో ఇగ్నిషన్ (స్పార్కు వేళ) ఎంత వెనక్కి తగ్గుతోంది, ఇవన్నీ అందులో కనిపించాలి. "లాగులెందుకండీ, నేను చూసుకుంటాగా" అనే ట్యూనర్‌కు ఓ దణ్ణం పెట్టి వచ్చేయండి.

మ్యాప్ ఏ ఆక్టేన్‌కు (పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) రాశారో అడగండి. ఎక్కువ ఆక్టేన్‌కు రాసిన మ్యాప్ మీద అంతకన్నా తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే మళ్లీ అదే నాకింగ్. మీ దారిలో ఎప్పుడూ దొరికే పెట్రోలుకే రాయించుకోవడం మేలు.

గేర్‌బాక్సు సంగతి చాలామంది మర్చిపోతారు. ఫోక్స్‌వ్యాగన్ డీక్యూ200 డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి పరిమితి 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). వాళ్ల 1.5 టీఎస్‌ఐ పెట్రోలు ఇంజిన్ కంపెనీ మ్యాప్‌తోనే అంత టార్క్ ఇస్తుంది! ఆ జోడీకి టార్క్ పెంచే ట్యూన్ వద్దనే అంటాను.

సెన్సార్ సిగ్నల్‌ను మార్చి ఈసీయూకి అబద్ధం చెప్పే ట్యూనింగ్ బాక్సులు చవకే, నాకు మాత్రం నమ్మకం లేదు. ప్లగ్గులు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బూస్ట్ పైపుల లీకులు చూపించుకోవడం ఆటోనగర్‌లో ఒక పూట పని. అది అయ్యేదాకా ట్యూన్ జోలికి వెళ్లొద్దు.

ఫ్లాష్ చేసేటప్పుడు (కొత్త మ్యాప్‌ను ఈసీయూలోకి ఎక్కించేటప్పుడు) బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉండాలి. మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీయూ మొరాయిస్తుంది. ఒరిజినల్ ఫైల్ కాపీ ముందే తీసుకోండి. దాన్ని మళ్లీ ఎక్కించినా చాలా కార్లలో ఫ్లాష్ చేసిన ఆనవాలు మిగులుతుంది, వారంటీ దగ్గర దాచలేరు. ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పి, వాళ్ల జవాబు కూడా రాతలోనే తీసుకోండి.