ఖగోళ డేటా పరిశోధకులు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎంపీసీ చదివి, డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరిన తరువాత కూడా ఆకాశం మీద ఇష్టం తగ్గని విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ముందు ఖగోళశాస్త్రం నేర్చుకోవాలా, మెషిన్ లెర్నింగ్ నేర్చుకోవాలా? ముందుగా ఒక్క డేటాసెట్‌ను అడుగంటా నేర్చుకోమని నేను చెబుతాను. ఆ అంకెలు ఏ టెలిస్కోప్ నుంచి వచ్చాయి, వాటిలో తప్పులు ఎక్కడ పుడతాయి, ఏ నక్షత్రాలు అందులో చేరాయి, ఏవి చేరలేదు అన్నది తెలిసిన మనిషికి మిగతా రెండు విద్యలూ అవసరాన్ని బట్టి పట్టుబడతాయి. అది తెలియకుండా మోడళ్లు మాత్రమే నేర్చుకున్నవారికి ఈ రంగంలో చోటు దొరకడం కష్టం.

ఖగోళశాస్త్రంలో డేటా పని కొత్తదేమీ కాదు, హైదరాబాద్‌కు అసలే కొత్త కాదు. నవాబ్ జాఫర్ జంగ్ తెప్పించిన టెలిస్కోప్‌తో మొదలై, 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన నిజామియా అబ్జర్వేటరీ, ఆకాశమంతటినీ ఫొటో ప్లేట్ల మీదికి ఎక్కించే అంతర్జాతీయ ప్రయత్నంలో పాలుపంచుకుంది. ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ అనే ఆ పనిలో బేగంపేటలోని సిబ్బంది ప్లేట్లను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కొక్క నక్షత్రం స్థానాన్నీ చేత్తో కొలిచి నమోదు చేశారు. దశాబ్దాల తరువాత, 2000లో వెలువడిన టైకో-2 కేటలాగ్‌లో దాదాపు 25 లక్షల నక్షత్రాల కదలికలను లెక్కించడానికి, ఉపగ్రహం తీసిన కొలతల పక్కన ఆ పాత కేటలాగ్ కొలతలనే పెట్టారు. జాగ్రత్తగా కొలిచి, ఎలా కొలిచారో రాసిపెట్టిన డేటాకు అంత ఆయుష్షు ఉంటుంది.

ఇప్పుడు మారింది పరిమాణం. చిలీలోని సెర్రో పచోన్ కొండ మీద ఉన్న వేరా రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తన తొలి చిత్రాలను విడుదల చేసింది. దాని అద్దం వ్యాసం 8.4 మీటర్లు, కెమెరా సామర్థ్యం 3,200 మెగాపిక్సెళ్లు. పదేళ్ల సర్వేలో రాత్రికి సుమారు 20 టెరాబైట్ల డేటా వస్తుందని, ఆకాశంలో ఏదో మారిందని చెప్పే హెచ్చరికలు రాత్రికి కోటి వరకు ఉండవచ్చని దాని రూపకర్తల అంచనా. ఇన్నింటినీ మనిషి కన్ను చూడలేదు కాబట్టి మొదటి వడపోత యంత్రమే చేయాలి, ఆ వడపోతను నమ్మవచ్చో లేదో తేల్చే పని మనిషిది. మీరు సిద్ధపడవలసింది ఈ రెండో పనికి.

మొదటి అభ్యాసానికి నేను సూచించేది, నక్షత్రాల స్థానాలనూ దూరాలనూ కొలిచిన యూరప్ అంతరిక్ష సంస్థ ఉపగ్రహం గయా డేటా. దాదాపు 180 కోట్ల నక్షత్రాల కొలతలున్న ఈ భండారం అందరికీ ఉచితం. మామూలు ల్యాప్‌టాప్ చాలు. గయా ఆర్కైవ్‌లో ఎస్‌క్యూఎల్‌ను పోలిన ఏడీక్యూఎల్‌తో ప్రశ్న రాసి, పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుండగా నక్షత్రం పక్కకు జరిగినట్లు కనిపించే అతి చిన్న కోణం, నక్షత్రం ఎంత దగ్గరైతే అంత పెద్దది) 10 మిల్లీ ఆర్క్‌సెకన్లకు మించిన నక్షత్రాలను, అంటే 100 పార్సెక్‌ల (సుమారు 326 కాంతి సంవత్సరాల) లోపల ఉన్నట్లు కనిపించేవాటిని తెప్పించుకోండి. దూరాన్ని బట్టి నిజ ప్రకాశాన్ని లెక్కించి, రంగు ఒక అక్షం మీద, ప్రకాశం మరొక అక్షం మీద పెట్టి బొమ్మ గీయండి. పై మూల నుంచి కింది మూలకు ఏటవాలుగా సాగే ప్రధాన శ్రేణి (సూర్యుడి లాంటి మామూలు నక్షత్రాల వరుస), దానికి ఎడమ కింద విడిగా శ్వేత కుబ్జాల (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రాల) గీత కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య మంచులా పరచుకున్న చుక్కల గుంపు ఒకటి కూడా కనిపిస్తుంది. భౌతికశాస్త్రం ప్రకారం అక్కడ అంత ఎక్కువ నక్షత్రాలు ఉండకూడదు. అవి చాలావరకు తప్పు కొలతలు. కిక్కిరిసిన ఆకాశంలో ఒకదాని కాంతి మరొకదానితో కలిసిపోయి, ఎంతో దూరాన ఉన్న నక్షత్రానికి పెద్ద పారలాక్స్ వచ్చిపడింది.

ఈ మంచును ఎలా తొలగించాలి? గయా శాస్త్రజ్ఞుల బృందం 2021లో ప్రచురించిన సమీప నక్షత్రాల కేటలాగ్‌లో ఈ చిక్కును విప్పిన తీరును ప్రతి విద్యార్థీ చదవాలి. పారలాక్స్ 8 మిల్లీ ఆర్క్‌సెకన్లకు పైబడిన 12 లక్షల వరుసలతో మొదలుపెట్టి, రాండమ్ ఫారెస్ట్ అనే సాధారణమైన మెషిన్ లెర్నింగ్ పద్ధతితో వడపోస్తే, 100 పార్సెక్‌ల లోపల నమ్మదగినవిగా మిగిలినవి 3,31,312. మోడల్‌కు మంచి కొలత ఏదో, చెడ్డ కొలత ఏదో నేర్పాలంటే ఉదాహరణలు కావాలి కదా, చెడ్డ ఉదాహరణలను ఎక్కడి నుంచి తేవాలి? వారు పారలాక్స్ మైనస్ 8 కంటే తక్కువ వచ్చిన వరుసలను తీసుకున్నారు. దూరానికి రుణ విలువ ఉండదు కాబట్టి అంత పెద్ద రుణ పారలాక్స్ ఉన్న ప్రతి వరుసా తప్పు కొలతే అయి తీరాలి. అలాంటి తప్పే ధన వైపునా జరుగుతుంది కాబట్టి, అటు దొరికిన నమూనాలు ఇటు తప్పులను పట్టిస్తాయి. ఈ ఉపాయం మెషిన్ లెర్నింగ్ పాఠాలలో దొరకదు, పారలాక్స్ అంటే ఏమిటో, దానిని పరికరం ఎలా కొలుస్తుందో తెలిసినవారికే తడుతుంది. ఈ అభ్యాసాన్ని మీరే చేసి, మీ ఫలితాన్ని ప్రచురిత కేటలాగ్‌తో పోల్చి, తేడా వచ్చిన చోట ఎందుకు వచ్చిందో రెండు పేజీలు రాయండి. నాలుగు ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్ల కంటే ఆ రెండు పేజీలకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

రెండవ పాఠం శిక్షణ డేటాకూ అసలు డేటాకూ మధ్య ఉండే దూరం గురించి. రూబిన్ సర్వే కోసం సన్నాహంగా 2018లో ప్లాస్టిక్ (PLAsTiCC) అనే పేరుతో, డేటా పోటీలు నడిపే కాగుల్ వెబ్‌సైట్ మీద ఒక పోటీ జరిగింది. కృత్రిమంగా తయారుచేసిన లైట్ కర్వ్‌లను (కాలంతో పాటు ప్రకాశం మారే తీరును చూపే గీతలను) చూసి ఏది ఏ రకం సూపర్నోవానో (నక్షత్ర విస్ఫోటనమో), ఏది మరే రకం మార్పునో చెప్పాలి. శిక్షణకు ఇచ్చినవి 7,848 వస్తువులు కాగా, పరీక్షకు దాదాపు 35 లక్షలు. నిజ జీవితంలో వర్ణపటం తీసి నిర్ధారించగలిగేది దగ్గరగా, ప్రకాశవంతంగా ఉన్నవాటినే కాబట్టి, శిక్షణ వస్తువులను కూడా అలాగే పక్షపాతంతో ఎంచి ఇచ్చారు. గెలిచిన కైల్ బూన్ అనే పరిశోధకుడు వాడిన వర్గీకరణ పద్ధతి నిర్ణయ వృక్షాల (డెసిషన్ ట్రీల) సమూహమే. అయితే దగ్గరి వస్తువుల లైట్ కర్వ్‌లను తీసుకుని, అవి మరింత దూరంలో ఉంటే ఎంత మసకబారి, ఎంత ఎర్రబారి, ఎంత నెమ్మదించి కనిపిస్తాయో లెక్కించి, అలాంటి కొత్త నమూనాలతో శిక్షణ డేటాను పెంచడం ఆయన విజయానికి ప్రధాన కారణం. విశ్వ విస్తరణ కాంతిని ఏం చేస్తుందో తెలియకపోతే ఆ పని సాధ్యం కాదు.

నా మొదటి వర్గీకరణ మోడల్ నమ్మశక్యం కానంత మంచి ఫలితం చూపించింది. వారం రోజులు సంతోషించిన తరువాత తెలిసిందేమిటంటే, ఒకే నక్షత్రాన్ని వేర్వేరు రాత్రులలో తీసిన కొలతలు శిక్షణలోనూ పరీక్షలోనూ ఉన్నాయి, మోడల్ నక్షత్ర రకాన్ని కాక నక్షత్రాన్నే గుర్తుపడుతోంది. అప్పటి నుంచి డేటాను విడగొట్టేటప్పుడు వరుసల వారీగా కాకుండా వస్తువుల వారీగా, వీలైతే ఆకాశ భాగాల వారీగా విడగొడుతున్నాను. ఫలితం మరీ బాగుంటే ముందు అనుమానించండి.

చదువు విషయానికి వస్తే, గణితంలో లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, బేసియన్ గణాంకాలు గట్టిగా ఉండాలి. భౌతికశాస్త్రంలో కనీసం రేడియేషన్, నక్షత్ర నిర్మాణం తెలియాలి. పైథాన్‌తో పాటు అందులోని ఖగోళ లైబ్రరీ ఆస్ట్రోపై, మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్-లెర్న్ వాడడం, ఖగోళ డేటాను దాచే ఫిట్స్ ఫైలు తెరిచి దాని హెడర్‌ను చదవడం అలవాటు చేసుకోండి. డీప్ లెర్నింగ్, దానికి వాడే పైటార్చ్ తరువాత వస్తాయి, తొందర లేదు.

బీఎస్సీ తరువాత ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి పీహెచ్‌డీకి వెళ్లడం తిన్నని దారి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. జెస్ట్, గేట్, సీఎస్‌ఐఆర్ నెట్ వంటి పరీక్షల ద్వారా పుణేలోని ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ, బెంగళూరులోని ఐఐఏ, నైనిటాల్‌లోని ఏరీస్, ఇంకా ఐఐటీల వంటి సంస్థలకు దారి ఉంది. వీటిలో కొన్ని ఇంజనీరింగ్ చదివినవారిని కూడా తీసుకుంటాయి కనుక, బీటెక్ విద్యార్థులు నిరాశపడకుండా ఆ ఏటి నోటిఫికేషన్‌లో అర్హతలను స్వయంగా చదవాలి. 2023 జనవరి నుంచి పీహెచ్‌డీ విద్యార్థులకిచ్చే ఫెలోషిప్‌లలో జేఆర్‌ఎఫ్ (జూనియర్) నెలకు రూ. 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) రూ. 42,000. ఇంట్లో వాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ అంకెలు దగ్గర పెట్టుకోండి, సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిక తప్పకుండా వస్తుంది. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, తరువాత తరచుగా రెండు మూడు చోట్ల పోస్ట్‌డాక్ (తాత్కాలిక పరిశోధక ఉద్యోగం), ఆ తరువాతే స్థిరమైన అధ్యాపక పదవికి అవకాశం. ఈ కాలక్రమాన్ని దాచకుండా ముందే చెప్పడం మంచిది. మధ్యలో పరిశోధన వదిలి పరిశ్రమకు వెళ్లాలనుకున్నా, గణాంకాలు, కోడ్ రెండూ చేతిలో ఉన్నవారికి దారి మూసుకుపోదు.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన లేదా ఆమె ఇటీవలి పత్రాలను ఖగోళ పరిశోధన పత్రాల ఆన్‌లైన్ సూచిక ఏడీఎస్‌లో వెతికి చదవండి. వాటిలో మెషిన్ లెర్నింగ్ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించనవసరం లేదు. ఆ బృందానికి ఏదైనా సర్వే డేటాతో నేరుగా సంబంధం ఉందా, కోడ్‌ను బహిరంగంగా పెడుతున్నారా, విద్యార్థులు మొదటి రచయితలుగా పత్రాలు రాస్తున్నారా అన్నవి చూడండి. ఏదో ఒక టెలిస్కోప్ దగ్గర నాలుగు రాత్రులు గడిపే అవకాశం ఉంటే మరీ మంచిది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఐఐఏ, ఐఐటీ బొంబాయి కలిసి నడిపే 0.7 మీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోప్ వంటివి రూబిన్ సర్వే, అమెరికాలో నడిచే జ్వికీ ఆకాశ సర్వేల హెచ్చరికలను వెంబడించి చూడడానికి పనికివస్తాయి. మబ్బు పట్టినప్పుడు డేటాలో ఏమవుతుందో అక్కడే అర్థమవుతుంది.

వేసవి ఇంటర్న్‌షిప్ కోసం రాసే మొదటి ఈమెయిల్‌లో మీ ఆసక్తి గురించి రెండు వాక్యాలు చాలు. ఆపైన, మీరు గీసిన గయా బొమ్మను జతచేసి, శ్వేత కుబ్జాలకూ ప్రధాన శ్రేణికీ మధ్య మిగిలిపోయిన చుక్కలలో మీ మోడల్ తీసేయలేకపోయినవి ఏవో, అవి ఎందుకు మిగిలాయని మీరు అనుకుంటున్నారో ఒక పేరాలో రాయండి. తరువాతి సంభాషణకు అదే విషయం అవుతుంది.