రసగుల్లా డబ్బాతో ముగ్గు లాంతరు

రసగుల్లాలు అయిపోయాక ఆ రేకు డబ్బా పారేయకండి. దీపావళికీ, కార్తీక మాసంలో తులసికోట దగ్గరికీ చక్కటి లాంతరు అవుతుంది.

లేబుల్ ఊడకపోతే వేడినీళ్లలో నానబెట్టి, మిగిలిన జిగురు మీద కొబ్బరినూనె రాసి రుద్దండి. ఖాళీ డబ్బాకు మేకుతో చిల్లులు కొడితే రేకు సొట్టపోతుంది. అందుకే పైన రెండు వేళ్ల మేర వదిలి నీళ్లు పోసి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. లోపల ఐస్ గట్టిగా ఉంటుంది కాబట్టి సుత్తి దెబ్బకు రేకు లొంగదు, చిల్లు గుండ్రంగా పడుతుంది. అడుగు కాస్త ఉబ్బితే ఐస్ కరిగాక తట్టి సరిచేయండి.

మడతపెట్టిన పాత తువ్వాలు మీద పడుకోబెట్టి కొడితే డబ్బా దొర్లదు. కాగితం మీద ముగ్గు వేసి చుట్టూ అంటిస్తే సరిగ్గా చుక్కల మీదే మేకు పెట్టొచ్చు. నన్నడిగితే, పువ్వులూ లతలకన్నా చుక్కల ముగ్గు వెలుగే అందంగా ఉంటుంది.

మూత తీసిన అంచును ఆకురాయితో అరగదీయండి. చిల్లుల లోపలి వైపు కూడా పదునుగా ఉంటుంది, పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వకండి. రంగు వేస్తే బయటివైపే వేయండి. అడుగున ఇసుక పోసి ప్రమిద పెట్టండి. దీపం వెలుగుతుంటే డబ్బా బాగా కాలుతుంది, కర్టెన్లకు దూరంగా ఉంచండి.