ఇంట్లో ఆవకాయ పెట్టి అమ్మబోతున్నారా? మామిడికాయ కొనే ముందే చూసుకోండి

ముక్కకు తడి ఉండకూడదు. అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. కాయలు కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే కొట్టించండి. జీడి, లోపలి పొర తీసేసి ప్రతి ముక్కనూ పొడిబట్టతో తుడవాలి. జాడీ, గరిటె, చేయి దేనికి తడి ఉన్నా బూజు పడుతుంది. పాతిక కిలోలు ఒకే జాడీలో పెడితే పాతికా పోతాయి. చిన్న జాడీల్లో విడివిడిగా పెట్టి, తేదీ రాసుకోండి.

ఉప్పు తగ్గించకండి. "ఉప్పు తక్కువ" అని అమ్మితే వినడానికి బాగుంటుంది గానీ, పచ్చడిని కాపాడేది అదే. కల్లుప్పు ఎండబెట్టి దంచండి.

మూడో రోజు తిరగ కలిపాక నూనె పైకి తేలాలి. తేలకపోతే పప్పునూనె కలిపి, ఆ తర్వాతే సీసాల్లోకి.

ధర కాయ బరువు మీద కాదు, జీడి తీసిన ముక్క బరువు మీద కట్టండి. సీసా, అట్టపెట్టె, కొరియర్, దారిలో కారిపోయే ఒకటి రెండు సీసాలు కూడా ఖర్చే.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ముందే చేయించండి. 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. పదార్థాలు, నికర బరువు, తయారీ తేదీ, శాకాహార పచ్చచుక్క కూడా. నంబరు రాకముందే లేబుళ్లు అచ్చేయిస్తే అవన్నీ చెత్తబుట్టకే.

జీఎస్టీ: టర్నోవర్ తక్కువే కదా, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అనుకోకండి. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే ఆ మినహాయింపు పనిచేయదు. హైదరాబాద్ నుంచి విజయవాడకు పంపినా వేరే రాష్ట్రమే!

సీసా అంచుదాకా నింపకండి, ఎండకు నూనె పొంగి కారుతుంది.